ఆదివారం పొద్దున ఎక్కడికి: చెరువు కట్టకా, మొక్కల దగ్గరికా, గుట్టలకా?

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఏటా తొలకరి పడగానే ఎవరో ఒకరు మొదలుపెడతారు: "ఈ ఆదివారం అందరం కలిసి ఏదైనా మంచి పని చేద్దామా?" వెంటనే పదిహేను బొటనవేళ్లు పైకి లేస్తాయి. ఒకాయన మొక్కలంటాడు, ఒకావిడ చెరువంటుంది, కాలేజీ పిల్లలు ట్రెక్ అంటారు. శనివారం రాత్రి వాన పడుతుంది. ఆదివారం పొద్దున ముగ్గురు వస్తారు.

ఆ ముగ్గురిలో ఒకడిగా ఏడెనిమిదేళ్లుగా హైదరాబాద్ చుట్టుపక్కల ఇలాంటి పనులు దాదాపు అన్నీ ఒక్కసారైనా చేసి చూశాను. చాలావాటికి మళ్లీ వెళ్లలేదు, రెండు మాత్రం నిలిచాయి. ఎవరైనా "నేనెందులో చేరను?" అని అడిగితే నాది ఒకటే ఎదురు ప్రశ్న: రెండో ఆదివారం కూడా వెళ్లగలరా? మొదటిసారి ఎవరైనా వెళ్తారు, టీ షర్టు ఇస్తారు, టిఫిన్ పెడతారు. ఈ పనుల్లో దేని ఫలితమైనా తేలేది మాత్రం రెండోసారి, పదోసారి వచ్చేవాళ్ల దగ్గరే. ఈ పోలికంతా ఆ లెక్క మీదే రాస్తున్నాను.

మొక్కలు నాటడం ఒక పని, బతికించడం ఇంకో పని

అందరికీ ముందు తట్టేది ఇదే. దేశంలో వనమహోత్సవం 1950లోనే మొదలైంది, తెలంగాణలో హరితహారం 2015లో వచ్చింది, కాబట్టి జూలై వచ్చిందంటే మొక్కకీ గుంతకీ కొదవ ఉండదు. అసలు చిక్కు అక్కడే ఉంది. గుంత ముందే ఎవరో కూలీ తవ్వి ఉంచుతారు. మనం వెళ్లి మొక్క పెట్టి, మట్టి కప్పి, ఫొటో దిగి వస్తాం. మొత్తం ఇరవై నిమిషాలు.

నాలుగేళ్ల కిందట ఔటర్ రింగ్ రోడ్డు అవతల అలాంటి ఒక కార్యక్రమానికి వెళ్లాను. ఎవరు పెట్టారో చెప్పను. ఉత్సాహం ఎంతంటే, కొందరు నర్సరీ కవరు కూడా చింపకుండా మొక్కను గుంతలో దింపేశారు. వేసవిలో అటు పని పడి వెళ్తే వరుసగా కర్రలు కనిపించాయి, వాటికి కట్టిన రిబ్బన్లు కనిపించాయి, మొక్కలు మాత్రం వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇలాంటి డ్రైవ్‌లకి వెళ్లడం మానేశాను.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్యను జనం వనజీవి అని పిలుచుకున్నది నాటినందుకు ఒక్కటే కాదు. ఆయన విత్తనాలు ఏరుకున్నారు, నారు పెంచారు, సైకిలు మీద మోసుకెళ్లి ఖాళీ జాగా కనిపించిన చోటల్లా నాటారు, ఏళ్ల తరబడి అదే పని చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025లో కన్నుమూసే దాకా మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' బోర్డు ఉండేది. మనం ఆయనంత చేయలేం సరే, ఆ పద్ధతిలో ఒక ముక్క పట్టుకోవచ్చు. మీ వీధిలో ఇప్పటికే నాటి వదిలేసిన మొక్కలు పది ఎంచుకోండి. కొత్తవి అక్కర్లేదు. మొదట్లో పాదు చేయండి, రాలిన ఎండుటాకులు పాదులో పరచండి. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి వానలు పడేదాకా వారానికి రెండుసార్లు ఒక్కో బకెట్ పోయండి. పశువులు తిరిగే వీధి అయితే చుట్టూ కంప కట్టండి. రెండు ఎండాకాలాలు దాటిన వేప, కానుగ, నేరేడు తర్వాత తమ సంగతి తామే చూసుకుంటాయి.

ఈ పనికి ఖర్చు లేదు, ప్రయాణం లేదు, పెద్ద గ్రూపు అవసరం లేదు. ఫొటోలో మాత్రం ఏమీ బాగుండదు: బకెట్ పట్టుకున్న మనిషి, అంతే. నాకు నిలిచిన రెండింటిలో ఇదొకటి. పది మొక్కల్లో ఏడు బతికాయి. ఒకదాన్ని కేబుల్ వేసేవాళ్లు తవ్వేశారు, రెండు ఎందుకు పోయాయో తెలియదు.

నర్సరీలో కొనేటట్టయితే త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు జోలికి పోకండి, దాని మీద ఇప్పటికే కావలసినంత గొడవ జరిగింది. విత్తన బంతుల గురించి కూడా ఒక మాట. పిల్లలతో మట్టి, పేడ కలిపి చేయడం సరదాగానే ఉంటుంది, చేయించండి. కానీ గుట్టల మీద, గడ్డి భూముల్లో విసిరేయకండి. మన కంటికి ఖాళీగా కనిపించే ఆ గడ్డిలోనే భరత పక్షులు నేల మీద గుడ్లు పెడతాయి. అక్కడ చెట్లు లేకపోవడం ఎవరో సరిచేయాల్సిన లోపం కాదు.

చెరువు శుభ్రం: ఒళ్లు వంచేవాళ్లకి

హైదరాబాద్‌లో చెరువు కట్ట ఎక్కి చూస్తే ముందు కనిపించేది గుర్రపు డెక్క. పచ్చగా, ఊదా పూలతో, తెలియనివాళ్లకి పచ్చిక మైదానంలా ఉంటుంది. అనుకూలమైన నీళ్లు దొరికితే రెండు వారాల్లో రెట్టింపు కాగలదు. దానికి అనుకూలమైన నీళ్లంటే మన ఇళ్ల నుంచి నాలాలో పడి వచ్చే మురుగే. అందులోని నత్రజని, భాస్వరమే దానికి ఎరువు. కాబట్టి ఒక ఆదివారం ఇరవై మంది నడుం దాకా దిగి లాగిన డెక్క వచ్చే నెలకి మళ్లీ అక్కడే ఉంటుంది. దాన్ని మిషన్లతో తీయాలి, పైన మురుగు ఆపాలి. రెండూ వాలంటీర్ల వల్ల అయ్యే పని కాదు. పైగా ఆ నీళ్లలో దిగడం ప్రమాదం, కాళ్లకి పుండ్లుంటే ఎలుక జ్వరం దాకా పోవచ్చు. వాలంటీర్లని నీళ్లలోకి దింపే గ్రూపు కనిపిస్తే మర్యాదగా తప్పుకోండి.

గట్టు మీది చెత్త వేరే సంగతి. దీపావళి, వినాయక నిమజ్జనం మర్నాడు కట్ట మీద ఒక గంట ఏరితే తేడా కళ్లకి కనబడుతుంది. మందపాటి గ్లౌజులు, బూట్లు, గోనెసంచి ఉండాలి. ప్లాస్టిక్ సంచి గాజుపెంకు తగిలి చిరిగిపోతుంది. టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఎన్నాళ్లయిందో చూసుకోండి. ఇంకొక మర్యాద ఉంది, మా గ్రూపు మొదట్లో మర్చిపోయింది. చాలా చెరువుల్లో చేపలు పట్టే హక్కు మత్స్యకారుల సొసైటీది. వాళ్ల వలలు, తెప్పలు అక్కడే ఉంటాయి. మేం చెత్త అనుకుని ఒకసారి ఒక పాత వలని సంచిలో వేసేశాం. అది చెత్త కాదని దాని యజమాని వచ్చి చాలా వివరంగా, చాలా గట్టిగా చెప్పాడు. ముందు వాళ్లతో మాట్లాడితే ఎక్కడ నేల గట్టిగా ఉంది, తూము ఎక్కడుంది, చెత్త లారీ రాత్రి ఎన్నింటికి వచ్చి పారబోస్తుందో కూడా చెబుతారు.

ఎత్తిన సంచులు ఎక్కడికి పోతాయన్నది ముందే తేల్చుకోవాలి. మున్సిపాలిటీ బండి వస్తుందని గట్టిగా చెప్పించుకోకుండా మొదలుపెడితే, సోమవారం కుక్కలు ఆ సంచుల్ని చింపి మళ్లీ కట్టంతా పరుస్తాయి. మాకు ఇలా రెండుసార్లు జరిగింది.

చెరువు పని మంచిదా అంటే మంచిదే, కానీ ఒంటరిగా అయ్యేది కాదు, మానసికంగా కూడా బరువే. ఏరిన చోటే మళ్లీ చెత్త కనబడుతుంటే నిస్పృహ వస్తుంది. స్నేహితుల గుంపుగా వెళ్లేవాళ్లకి, ఆఫీసుల్లో మనుషుల్ని పోగేయగలిగినవాళ్లకి ఇది నప్పుతుంది.

పక్షుల లెక్క: ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే

మొదట్లో నాకు దీని మీద పెద్ద గౌరవం లేదు. కెమెరా వేసుకుని తిరిగేవాళ్ల కాలక్షేపం అనుకునేవాణ్ని. అభిప్రాయం మారింది అమీన్‌పూర్ చెరువు దగ్గర. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, ఒక నగరపు చెరువుకి ఆ హోదా రావడం దేశంలో అదే మొదలు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తూనే ఉన్నా ఆ పేరు వచ్చిందంటే, అక్కడ ఏయే పక్షులు వాలుతున్నాయో ముందే ఎవరో చూసి, లెక్కపెట్టి, రాసి పెట్టారన్నమాట. రాసినవాళ్లలో ఎక్కువమంది ఆదివారం తీరిక దొరికిన మనలాంటివాళ్లే.

2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి భూమిలో చెట్ల నరికివేతని సుప్రీంకోర్టు ఆపినప్పుడు కూడా ఇదే చూశాం. యూనివర్సిటీ ప్రాంగణంలో రెండొందలకి పైగా పక్షి జాతులున్నాయని జనం చెప్పగలిగారంటే, ఏళ్ల తరబడి ఎవరో పొద్దున్నే లేచి జాబితాలు రాయబట్టే. 'అక్కడ అడవి ఉంది' అంటే ఎదుటివాడు 'అవి పొదలే' అనగలడు. రెండొందల పేర్లు ముందు పెడితే అంత సులువుగా కొట్టిపారేయలేడు.

ఇంకా దగ్గరి ఉదాహరణ పాలపిట్ట. దసరా నాడు చూస్తే శుభమని ఊరి బయటికి వెళ్లి మరీ వెతుక్కునే పిట్ట, తెలంగాణ రాష్ట్ర పక్షి. 2023లో వచ్చిన దేశ పక్షుల స్థితిగతుల నివేదిక సుమారు 30 వేలమంది పక్షి పరిశీలకులు నమోదు చేసిన 3 కోట్ల వివరాల మీద తయారైంది, అందులో 942 జాతుల్ని పరిశీలించారు. పన్నెండేళ్లలో పాలపిట్టలు సుమారు 30 శాతం తగ్గాయని అందులోనే తేలింది. శాస్త్రవేత్తలు కొద్దిమందే ఉంటారు, వాళ్లు ప్రతి ఊరి కరెంటు తీగ మీద ఏ పిట్ట కూర్చుందో చూడలేరు. మనం చూడగలం. (దసరాకి పంజరంలో పెట్టి డబ్బులకి చూపించే పాలపిట్టని చూడకండి. అది చట్టప్రకారం నేరం. ఎగరలేని పిట్టని చూస్తే వచ్చే శుభం ఏమిటో నాకు అర్థం కాదు.)

చేయాల్సింది చాలా తక్కువ. ఫోన్‌లో ఈబర్డ్ యాప్ పెట్టుకుని, ఒకచోట కనీసం పదిహేను నిమిషాలు చూసి, గుర్తుపట్టిన ప్రతి జాతినీ ఎన్ని కనిపించాయో వేయాలి. కాకి, గోరింక, పావురంతో సహా. కొత్తవాళ్లు చేసే తప్పు ఇక్కడే: అరుదైనవి మాత్రమే రాస్తారు. కాకులు తగ్గుతున్నాయో లేదో తెలియాలంటే కాకుల్ని రాసినవాళ్లుండాలి కదా. మెర్లిన్ అనే ఇంకో యాప్ కూత విని పేరు సూచిస్తుంది. గుడ్డిగా నమ్మకూడదు గానీ మొదటి నెలల్లో మంచి తోడు.

పేర్లు తెలియవని భయపడకండి. మన పెద్దవాళ్లకి మనకంటే ఎక్కువ తెలుసు. మా అమ్మని ఒకసారి చెరువు కట్ట మీదికి తీసుకెళ్తే, నేను పుస్తకం తిప్పుతుండగానే బుడుబుంగ, బొల్లికోడి, నారాయణపక్షి అని చకచకా చెప్పేసింది. "ఇవి చూడ్డానికా ఇంత పొద్దున్నే లేపావు? మా ఊరి కుంటలో రోజూ ఉండేవి" అంది. ఇప్పుడు ఆ కుంట లేదు, ఆ సంగతి ఆమె అనలేదు, నేనూ అనలేదు. ఆ తర్వాత ప్రతి నెలా తనే గుర్తుచేస్తుంది.

తోడు కావాలంటే 1980లో ఆంధ్రప్రదేశ్ బర్డ్‌వాచర్స్ సొసైటీగా మొదలై ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా ఉన్నవాళ్లు పక్షుల్ని చూడ్డానికి బయటికి తీసుకెళ్తుంటారు. కొత్తగా మొదలుపెట్టడానికి ఫిబ్రవరి మంచిది. గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని నాలుగు రోజులు ప్రపంచమంతా లెక్కపెడతారు, మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. డాబా మీద కాఫీ తాగుతూ కూడా చేయొచ్చు. చలికాలం వలస పక్షులు అప్పటికింకా ఇక్కడే ఉంటాయి, ఎండలు ముదరవు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పొద్దున్నే లేవలేనివాళ్లకి కష్టం. చిన్నపిల్లలు అరగంట తర్వాత విసుగెత్తి రాళ్లు విసురుతారు. కొన్ని గ్రూపుల్లో లెన్సుల గురించి, 'నువ్వు ఎన్ని జాతులు చూశావు' అనే పోటీ గురించి తప్ప మాట ఉండదు. అలాంటి గ్రూపు తగిలితే ఇంకోటి చూసుకోండి. బైనాక్యులర్ వెంటనే కొనకండి, మూడు నాలుగు నడకలకి వెళ్లాక, మళ్లీ వెళ్లాలనిపిస్తే అప్పుడు కొనండి.

గుట్టలు, ట్రెక్‌లు

నిజం చెప్పాలంటే ట్రెక్ స్వచ్ఛంద సేవ కాదు, అది మన సరదా. దానికి 'పర్యావరణ ట్రెక్' అని పేరు పెట్టి డబ్బు ఎక్కువ తీసుకునేవాళ్ల దగ్గర కాస్త జాగ్రత్త. మూసీ పుట్టే అనంతగిరి కొండల్లో వానాకాలం నడక బాగుంటుంది, చెప్పులతో కాకుండా పట్టున్న బూట్లతో వెళ్లండి. భువనగిరి కోట మొత్తం ఒకే బండ మీద ఉంది, రాక్ క్లైంబింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్లకి అదే బడి. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ బండ మీదే.

సరదా, పని రెండూ కలిసే చోటు ఒకటుంది: రాళ్ల నడకలు. హైదరాబాద్ రాళ్లు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. క్వారీలకి, వెంచర్లకి బలవుతున్న వాటిని కాపాడాలని 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ పనిచేస్తోంది, జనాన్ని రాళ్ల మధ్య నడిపిస్తుంది. పిల్లలున్న కుటుంబాలకి నేను పక్షుల కంటే ముందు దీన్నే చెబుతాను. పిల్లలకి బండలెక్కడం చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు. నిశ్శబ్దంగా ఉండమని గదమాయించాల్సిన పనీ లేదు.

నల్లమలలో, అమ్రాబాద్‌లో నడవాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. 'మనకి తెలిసినవాళ్లున్నారు' అని ఎవరైనా దొడ్డిదారిన తీసుకెళ్తానంటే వెళ్లకండి.

పాములు పట్టడం, వద్దు

యూట్యూబ్ చూసి ఈ మధ్య కుర్రాళ్లు చాలామంది అడుగుతున్నారు. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి ఇళ్లలోకి వచ్చిన పాముల్ని పట్టి అడవిలో వదులుతోంది. ఇది వీడియోలు చూసి వచ్చే విద్య కాదు, తెలిసినవాళ్ల వెంట తిరిగి మెల్లగా నేర్చుకోవాల్సింది. అనుమతి లేకుండా పట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా. మీ వంతుగా చేయగలిగింది ఒకటుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటినీ గుర్తుపట్టడం నేర్చుకుని, మీ అపార్ట్‌మెంట్‌లో జెర్రిపోతుని కర్రలతో కొట్టబోయేవాళ్లని ఆపండి. ఆ ఒక్కపనికే బోలెడంత ధైర్యం కావాలి.

విశాఖలో ఉంటే

సముద్రం పక్కన ఉన్నవాళ్లకి ఈ లెక్కంతా మారిపోతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో వంద దాకా గుడ్లు పెడతాయి. కుక్కలు, మనుషులు తవ్వేయకుండా అటవీశాఖ వాళ్లు, సంస్థల వాలంటీర్లు వాటిని తీసి కంచె వేసిన చోట పాతిపెడతారు. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు వస్తాయి. వాటిని తెల్లవారుజామున నీళ్లలోకి వదిలేటప్పుడు మామూలు జనం కూడా వెళ్లి చూడొచ్చు.

చూడ్డానికి వెళ్లడం వేరు, రాత్రి గస్తీకి వెళ్లడం వేరు. గస్తీ అంటే అర్ధరాత్రి దాటాక కిలోమీటర్ల కొద్దీ ఇసుకలో నడక, మర్నాడు ఆఫీసు. ఉద్యోగం చేసేవాళ్లు వారానికి ఒక రాత్రి మించి ఒప్పుకోవద్దు. ఎవరికి వాళ్లు టార్చిలు వేసుకుని ఒడ్డు మీద తిరగడం మాత్రం అసలు చేయకూడదు. వెలుతురు చూసి తల్లి వెనక్కి తిరిగిపోతుంది, పిల్లలు దారి తప్పి రోడ్డు వైపు పాకుతాయి. గుడ్లు ముట్టుకోవడం కూడా అంతే, అనుమతి ఉన్నవాళ్లు తప్ప ఎవరూ చేయకూడదు.

అంత ఓపిక లేనివాళ్లకి బీచ్‌లో చెత్త ఏరడం ఉంది. సెప్టెంబర్ మూడో శనివారం అంతర్జాతీయ తీర శుభ్రత దినం, ఆ రోజు గుంపు చాలా ఉంటుంది. నన్నడిగితే ఆ రోజు వదిలేసి డిసెంబర్‌లో, తాబేళ్లు రాకముందు, గుడ్లు పెట్టే చోట తెగిన వలల ముక్కలు ఏరండి. చెరువు కంటే ఇది నయం: మురుగు వాసన ఉండదు, పని అయ్యాక సముద్రం కనబడుతుంది.

మరి మీకేది?

ఒంటరిగా చేసుకునే స్వభావం ఉండి, ఊరు దాటలేనివాళ్లయితే వీధి మొక్కలు. వారానికి ఒక పూట ఖాళీ ఉండి, ఏదైనా నేర్చుకోవాలనిపిస్తే పక్షులు. పిల్లలతో అయితే రాళ్ల నడక. పదిమందిని కదిలించగలిగితే, చెత్త ఎక్కడికి పోతుందో కూడా తేల్చగలిగితే చెరువు గట్టు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్లాలంటే మళ్లీ పక్షులే, ఒక కుర్చీ వేస్తే చాలు. రెండు మొదలుపెట్టాలనుకుంటే ఒకటి ఇంటి దగ్గరిది, ఒకటి బయటిది పెట్టుకోండి. బయటిది తప్పిపోయిన వారం ఇంటిది ఉంటుంది.

ఏ గ్రూపులో చేరేముందైనా నిర్వాహకుల్ని ఫోన్‌లో మూడు విషయాలు అడుగుతాను. కిందటిసారి చేసిన చోటికి మళ్లీ ఎప్పుడు వెళ్లారు? ఎవరికైనా దెబ్బ తగిలితే ఏం చేస్తారు, దగ్గర్లో ఆసుపత్రి ఏది? డబ్బు తీసుకుంటే దేనికి? మొదటి ప్రశ్నకి తడబడితే అక్కడికి వెళ్లను. మిగతా రెండింటికీ సమాధానం సరిగా లేకపోయినా పిల్లల్ని మాత్రం తీసుకెళ్లను.

ఇక మొదటి ఆదివారానికి: టోపీ, నీళ్ల సీసా, పాత బూట్లు, ఒక అరటిపండు చాలు. ఎరుపు, తెలుపు చొక్కాలు వద్దు, పక్షులు దూరం జరుగుతాయి. ఆరింటికి రమ్మంటే ఆరింటికే వెళ్లండి. ఏడున్నరకి తీరిగ్గా వెళ్తే మాత్రం, అప్పటికే సగం చూసేసి ఇరానీ చాయ్ దగ్గర నిలబడ్డ గుంపు కనిపిస్తుంది. కట్ట మీద తీతువు ఒక్కటే ఉంటుంది, అదీ మిమ్మల్ని చూసి అరుస్తూ.